అందరిదీ అన్న ఒక్క మాట

జీడిమెట్లలో ఒకప్పుడు పాటలు తయారయ్యేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మందులు తయారవుతాయి, రంగులు తయారవుతాయి, ముక్కు మండే వాసనలు తయారవుతాయి, పాటలెట్లా తయారవుతాయని. తయారయ్యేవి. మా షెడ్డులో క్యాసెట్లు చేసేవాళ్లం. అందులో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. నా పని వినడం. యంత్రం మీది నుంచి దిగిన క్యాసెట్లలో ఒకటి తీసి, మొదట కొంచెం, నడుమ కొంచెం, చివర కొంచెం వినాలి. బాగుంటే ముందుకు పంపాలి, గరగరమంటే పక్కన పడేయాలి. చెకింగ్ అనేవాళ్లం. చదువుతో పనిలేని పని. నాకు అప్పటికి అంకెలొచ్చు, అక్షరాలు రావు. ఏ క్యాసెట్ ఏదో డబ్బాలో పెట్టే కార్డు రంగును బట్టి చెప్పేవాణ్ణి. ఆకుపచ్చది జానపదాలు, కాషాయం భజనలు, గులాబీ పెళ్లిపాటలు.

మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఉంటారు. వాళ్లకు పెద్దమనుషులందరూ తమ గొప్పలే చెబుతారు. నేను చేసిన తప్పొకటి చెబుతాను. చిన్న తప్పేం కాదు. నోటితో ఒకే మాట అన్నాను, అంతే, కానీ దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఇన్నేళ్లూ చాలలేదు.

ఆకుపచ్చ కార్డు క్యాసెట్‌తో మొదలైంది. జానపదాల క్యాసెట్ ఒకటి తయారు చేస్తున్నాం. రెండో వైపు చివర వింటుంటే టేపు ఊరికే తిరుగుతోంది, పాట లేదు. నాలుగు నిమిషాలు ఖాళీ. వెళ్లి మా ఓనరుకు చెప్పాను. ఓనరు గుంటూరు వైపు మనిషి, చదువుకున్నవాడు, చెడ్డవాడు కాదు. అయితే పాటను పొడుగును బట్టి చూసేవాడు.

"నాలుగు నిమిషాల కోసం మళ్లీ కళాకారుల్ని ఎక్కడ పిలుస్తామయ్యా? నీ ఎరుకలో ఎవరైనా పాడతారా?" అన్నాడు.

నా ఎరుకలో ఒకామె ఉంది. పాలమూరు నుంచి వచ్చి మాదాపూర్ వైపు కొత్త బిల్డింగుల్లో తట్ట మోసేది. మా మండలం మనిషే. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది. రక్తసంబంధం ఏమీ లేదు. ఖాజాగూడ గుట్టల దగ్గర గుడిసె. ఆమెకు ఒక ఆడపిల్ల ఉండేది. మూడేళ్ల పిల్ల. ఒక స్లాబు రోజు పొద్దున పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. స్లాబు పోసే రోజు ఆడవాళ్లు వరసగా నిలబడి తట్టలు చేతులు మారుస్తారు. ఆ వరస తెగకూడదు. నడుమ ఆగితే కాంక్రీటుకు అతుకు పడుతుంది, అక్కడి నుంచే నీళ్లు కారుతాయి. మేస్త్రీ కదలనివ్వలేదు. స్లాబు అయిపోయి దవాఖానకు ఎత్తుకుపోదామని వచ్చేసరికి పిల్లలో ప్రాణం లేదు.

ఆ పిల్ల మీద అక్క ఒక పాట కట్టింది. పని మీద ఉన్నప్పుడే పాడేది, ఇంట్లో పాడగా నేను వినలేదు.

తట్టెడు మన్ను మోస్తి,
తట్టెడు పొద్దు మోస్తి,
నిన్ను మొయ్యనైతి గదనే...

ఆ తర్వాత పిల్ల పేరు. ప్రతి చరణం చివరా ఆ పేరే. దూరంగా ఆడుకుంటున్న పిల్లను బువ్వకు పిలిచినట్టు పిలిచేది.

ఒక ఆదివారం అక్కను షెడ్డుకు తీసుకొచ్చాను. గోడలకు పరుపులు కొట్టిన చిన్న గది మా రికార్డింగు గది. ఆమె గోడవైపు తిరిగి నిలబడి ఒక్కసారే పాడింది. బయటికొచ్చాక ఓనరు అడిగాడు.

"నువ్వే కట్టావా అమ్మా ఈ పాట?"

"నేనేడ కడ్తనయ్యా," అంది అక్క తల వంచుకుని. "పాట అందరిది."

అది మా వైపు మర్యాద. కూర బాగుందంటే నాదేముంది, ఉప్పూ కారమూ కుదిరాయంటారు. పాట బాగుందంటే అందరిదీ అంటారు. ఆ మాటకు నిజంగా అందరిదని అర్థం కాదని మాకు తెలుసు.

ఓనరు గడియారం చూసి, "భలే, సరిగ్గా సరిపోయింది," అన్నాడు.

పోయేటప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, డబ్బ మీద పాటల పేర్లు రాస్తరట గద. నా బిడ్డ పేరు గూడ రాయిస్తవా?"

కార్డులు అప్పటికే అచ్చయి కట్టలు కట్టి ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. వచ్చే లాటులో రాయిద్దామన్నాను. ఆ క్యాసెట్ అమ్ముడుపోలేదు. వచ్చే లాటు రాలేదు. కార్డు మీద లేని పాట ఒకటి క్యాసెట్‌లో ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో మాదాపూర్‌లో, కొత్తగా లేచిన అద్దాల బిల్డింగుల నడుమ ఒక పెద్ద హాల్లో, దేశదేశాల పాటల కంపెనీలన్నీ వచ్చి దుకాణాలు పెట్టుకున్నాయి. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, యంత్రాలు చేసేవాళ్లు, అందరూ. అప్పుడు ఆ చుట్టుపక్కల ఎటు చూసినా సగం కట్టిన గోడలూ, పగలగొట్టిన బండరాళ్లే. మా ఓనరు కూడా ఒక మూలన చిన్న స్టాలు తీసుకున్నాడు. గోడౌన్ ఇన్‌చార్జిని తీసుకుపోవాలనుకున్నాడు గానీ అతనికి కామెర్లు అయ్యాయి. "నువ్వు రావయ్యా. ఏ పాట ఎక్కడుందో నీకే తెలుసు," అన్నాడు. నిజమే. ఆకుపచ్చ కార్డు, రెండో వైపు, మీటరు మీద ఫలానా అంకె అని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఈ సంగతి చెబితే అక్క తట్ట కింద పెట్టి మరీ విన్నది.

"పాటలమ్మే అంగడా? ఏ ఊళ్లె?"

"ఊళ్లె ఏందక్కా, మీ బిల్డింగు పక్కనే."

"అవ్వ! తెల్లోల్లు గూడ వస్తరా?"

"వస్తరు."

"నా బిడ్డ పాట ఇంటరా?"

"ఇంటరు గని, వాల్లకు మన మాట తెల్వదక్కా."

"మాట తెల్వకుంటె పాయె. పేరైతె ఏ దేశంలనైనా పేరే గద. పాట ఎవరిదని అడిగితె నా బిడ్డదని చెప్పు తమ్మీ. పేరు చెప్పు. గంతే చాలు."

సరేనన్నాను.

మొదటి రోజు పొద్దున తోడల్లుడి బూట్లు వేసుకుని వెళ్లాను. ఒక వేలు సందు ఎక్కువైంది, నడిస్తే టపటపమనేవి. లోపల నేలంతా తివాచీ పరిచి ఉండబట్టి ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఓనరు నా మెడలో ఒక బిళ్ల వేశాడు. దాని మీద పేరు రాసుంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి, నన్ను చూసి, ఏదో పలికి చేయి కలిపేవాళ్లు. నా పేరును ఇంగ్లీషులో అట్లా పలుకుతారు కాబోలనుకుని నేనూ తల ఊపాను.

పాటల జాతర కదా, ఎవరో ఒకరు పాడుతుంటారని నా ఆశ. ఒక్కరూ పాడలేదు. ఎవరి చెవులకు వాళ్లు యంత్రాలు తగిలించుకుని తలలు ఊపడం, కార్డులు మార్చుకోవడం. అంతమంది మనుషులు, అంత సంగీతం, వినపడేది మాత్రం మాటలే. మా షెడ్డులో యంత్రాల రొదలో కూడా ఎవరో ఒకరు కూనిరాగం తీసేవాళ్లు.

పదకొండు దాటాక ఒక తెల్లాయన వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. మా వాళ్లు పెద్దపెద్ద కళాకారులని ఓనరు ఇంగ్లీషులో ఏకరువు పెడుతున్నాడు. ఆయన అవేవీ వినకుండా ఆకుపచ్చ కార్డు మీద వేలు పెట్టాడు. క్యాసెట్ పెట్టి, ఆయన చెవులకు యంత్రం తగిలించాను. మొదటి వైపు కొంచెం కొంచెం విన్నాడు. రెండో వైపు తిప్పమన్నాడు. చివరికొచ్చేసరికి ఆపుతాడేమోనని చేయి చాపాను. నా చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

ఆ నాలుగు నిమిషాలూ ఆయన కదలలేదు. కుడి చెవి మీద అరచెయ్యి అదిమి పెట్టుకున్నాడు. అయిపోయాక కార్డు తిప్పి తిప్పి చూసి ఓనరును ఏదో అడిగాడు. ఓనరు నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఈ చివరి పాట ఎవరిదంటున్నాడు. కార్డు మీద లేదే. ఎవరు కట్టారు, ఎవరు పాడారు?"

ఓనరు మరిచిపోయాడు. ఏడాది దాటింది కదా. నేను మరిచిపోలేదు.

మా స్టాలు వెనక పెద్ద అద్దం. అద్దం అవతల సగం లేచిన బిల్డింగు, కర్రల పరంజా, వరసగా ఆడవాళ్లు, చేతులు మారుతున్న తట్టలు. వాళ్లలో అక్క ఎవరో పోల్చుకోలేనంత దూరం. చెప్పాలంటే వేలు పెట్టి చూపించాలి. అదిగో, ఆ తట్టలు మోసేవాళ్లలో ఒకామె అనాలి. ఎదురు స్టాలులో కోట్లు వేసుకున్నవాళ్లు చూస్తున్నారు. ఓనరు ఇంతకుముందే పెద్ద కళాకారులని చెప్పి ఉన్నాడు. నా మెడలో బిళ్ల, కాళ్లకు బూట్లు.

"మా దిక్కు పాట సార్," అన్నాను. "అందరిదీ."

ఆ మాటలో సగం మర్యాద, సగం సిగ్గు. ఇన్నేళ్లుగా తూచుకుంటున్నాను, సిగ్గే ఎక్కువ తూగుతోంది.

ఓనరు దాన్ని ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్కలో చెప్పాడు. తెల్లాయన ముఖం విప్పారింది. పాట ఎవరిదో తెలియనందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. నా మెడలోని బిళ్ల చూసి ఏదో రాసుకుని, ఓనరిచ్చిన ఆ క్యాసెట్ జేబులో వేసుకుని, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లాడు. ఓనరు నా భుజం తట్టాడు.

మధ్యాహ్నం గేటు దగ్గర గొడవ వినపడితే వెళ్లాను. అక్క. బువ్వ తినే గంటలో వచ్చింది. మోచేతుల దాకా సిమెంటు ఎండి తెల్లగా ఉంది, తల మీద చుట్టబట్ట తియ్యనైనా తియ్యలేదు. వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

"పాసుంటెనే లోపటికి. జర పక్కకు జరుగమ్మా."

"ఈ మెట్లకు కంకర మోసింది నేనే బిడ్డా. గప్పుడు పాసు అడగకపోతివి?"

వాచ్‌మన్‌కు నవ్వొచ్చింది, కర్ర మాత్రం తియ్యలేదు. నేను కర్రకు ఇవతల, ఆమె అవతల.

"మెడల ఏందది తమ్మీ, కోడెకు గంట కట్టినట్టు?"

"పేరక్కా."

"నీ పేరేనా?"

"నాదే."

"మంచిగుంది," అని ఆ బిళ్లను రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. ఆమెకూ చదువు రాదు, నాకూ రాదు. "ఇన్నరా మరి?"

"ఇన్నరక్కా. ఒక తెల్లాయన కదలకుంట ఇన్నడు."

"పేరు చెప్పినవా?"

"చెప్పిన."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. "మంచిది తమ్మీ," అని వెళ్లిపోయింది. బువ్వ గంట అయిపోతోంది.

మరో ఏడాదికి విదేశం నుంచి, ఆ తెల్లాయన పంపిన డబ్బా ఒకటి ఆఫీసుకు వచ్చింది. అందులో తళతళలాడే సీడీలు. ఓనరు అందర్నీ పిలిచి పెట్టి వినిపించాడు. ముందు ఏవో తీగల వాయిద్యాలు, నీళ్ల చప్పుడు. తర్వాత అక్క గొంతు. మా గరుకు టేపు మీది గొంతును కడిగి ఆరేసినట్టు చేశారు, నిజం చెప్పాలంటే అంత స్పష్టంగా నేనెన్నడూ వినలేదు. మన్ను మోస్తి అంది, పొద్దు మోస్తి అంది, నిన్ను మొయ్యనైతి గదనే అంది. ఇక పేరు రావాలి. రాలేదు. పేరులో మొదటి రెండక్షరాలూ కోసేశారు. చివరి అక్షరాన్ని సాగదీసి, దాన్నే తిప్పి తిప్పి, అలలాగా మోగించారు. టేపు కోసి అతికించడం నాకు తెలిసిన పనే. అతుకు చాలా బాగా పడింది. పని వచ్చినవాడే చేశాడు.

ఓనరు అట్ట వెనక ఉన్నది చదివాడు. పాట కట్టినవారు అన్నచోట ఎవరి పేరూ లేదు, సంప్రదాయమని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట ఉంది. ఆ మాటుంటే పాటకు ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదట. పాడినవారు అన్నచోట ఏమీ లేదు. కింద కృతజ్ఞతలు అని ఒక పేరుంది. అది మా గోడౌన్ ఇన్‌చార్జి పేరు. అందరం అతని వైపు చూశాం. అతను ఆ పాటను జన్మలో వినలేదు. అప్పుడు తెలిసింది, ఆ రోజంతా నా మెడలో వేలాడింది అతని బిళ్ల అని. పాపం, అతను అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. నేనూ రెండు తిన్నాను. అవతల పడేయలేదు.

దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి, ఒక టేప్‌రికార్డరు పట్టుకుని ఖాజాగూడ వెళ్లాను. అక్క గుడిసె ముందు బోకెలు తోముతోంది. వినిపించాను. మొదటి చరణానికి తోమడం ఆపింది. రెండో చరణానికి చెయ్యి కడుక్కుంది. చివరిదాకా విన్నది.

"గొంతు నాదే తమ్మీ," అంది. "పిల్ల ఏది?"

నేను టేప్‌రికార్డరు ఆపాను. ఆమె మళ్లీ అడగలేదు. బూడిద తీసుకుని మళ్లీ తోమడం మొదలుపెట్టింది. రెండు వారాల తర్వాత పోతే గుడిసె లేదు. మేస్త్రీ వెంట వేరే పని మీదికి పోయిందన్నారు. ఎటో ఎవరికీ తెలియదు.

ఓనరు దగ్గర మొత్తం ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "ఆ రోజు నువ్వే అన్నావు కదయ్యా అందరిదీ అని. కాగితం మీద అదే ఎక్కింది. ఇప్పుడు కాదంటే రుజువేది? మన కార్డు మీదైనా ఆమె పేరుందా?" అన్నాడు. ఒక ఉత్తరం మాత్రం రాశాడు. జవాబు వచ్చిందో లేదో, అడిగే ముఖం నాకు లేకపోయింది. చదువు రానివాళ్లకు కాగితం మీద కోపముంటుంది. నాకు కోపం నా నోటి మీదే.

అప్పుడు పట్టుకున్నాను అక్షరాలు. నలభై ఏడేళ్లు నాకు. బడి లేదు, పంతులు లేడు. మా ప్యాకింగులో కార్డులు మడిచే ఒక చెల్లె ఉండేది, ఏడో తరగతి దాకా చదివింది. బువ్వ గంటలో పాత కార్డులు పెట్టి చెప్పేది. నా పుస్తకాలు అవే.

"ఇదేందన్నా?"

"గ."

"గ గాదు, గి. గుడి గట్టిన్రు చూడు మీద. దొంగ నోట్లు పట్టినట్టు గంత దూరం పెట్టి చూస్తవేంది?"

మొదట కూడబలుక్కుని చదివిన మాట 'పాడినవారు'. ప్రతి కార్డు మీదా ఉండేది కదా. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు పట్టాను, ఆ సీడీ అట్ట వెనక ఉన్న ఒక్క మాట కోసం. దానికే ఒక వానాకాలమంతా పట్టింది. తాతముత్తాతల నుంచి వస్తున్నదని దాని అర్థమట. కట్టి నాలుగేళ్లు కాని పాటకు ఆ మాట పెట్టారు.

తర్వాత క్యాసెట్ల కాలం పోయింది. షెడ్డు మూసేటప్పుడు తుక్కువాళ్లు రాకముందే గోడౌన్‌లోకి వెళ్లి, అమ్ముడుపోని ఆకుపచ్చ కార్డు క్యాసెట్ల లాటు బయటికి తీశాను. మూడు రోజులు కూర్చుని ఒక్కో కార్డు మీద, ఆఖరి పాట కింద, పెన్నుతో పిల్ల పేరు రాశాను. దాని పక్కన, కట్టి పాడినవారు అని అక్క పేరు. అవన్నీ తుక్కులోకే పోయాయి. పోతాయని తెలిసే రాశాను. ఒక క్యాసెట్ మాత్రం ఉంచుకుని, బయటికి పోయినప్పుడల్లా జేబులో వేసుకునేవాణ్ణి.

కొన్నేళ్లకు అక్క మళ్లీ కనపడింది శేరిలింగంపల్లి అడ్డా మీద, పొద్దున పూట, పని కోసం నిలబడ్డవాళ్లలో. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆ వయసు మనిషిని పనికెవరు పిలుస్తారు? అయినా చుట్టబట్ట చేతిలో పట్టుకుని నిలబడింది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నేను అడుక్కోలేదు, దానికి తగిన పనీ చెయ్యలేదు.

క్యాసెట్ జేబులోనే ఉంది. అది తీసేముందు చెప్పాల్సిన మాట చెప్పాను. "అక్కా, ఆనాడు గేటు కాడ అబద్ధమాడిన. పేరు చెప్పలే."

"తెల్సు," అంది. "గప్పుడే తెల్సింది. పేరు చెప్పినోని మొఖం గట్లుండదు."

"మరి అడుగకపోతివి?"

"అడిగితె ఏం జేస్తువు? ఇంకోటి ఆడుతువు."

క్యాసెట్ తీసి ఇచ్చాను. నేనే రాశానని చెప్పాను. నమ్మలేదు. "నీకు రాత ఎప్పుడొచ్చింది? ఏడ రాసినవ్, చూపియ్." చూపించాను. పగిలిన వేలు దాని మీద పెట్టింది, వేలి కింద పేరంతా మునిగిపోయింది. వేలు తీసి చూసింది, మళ్లీ పెట్టింది.

"గింతేనా? గింత చిన్నగుంటదా?"

"మూడే అక్షరాలక్కా."

"మూడేండ్లే గద తమ్మీ, అది బతికింది."

మేస్త్రీలు వచ్చి మనుషుల్ని ఎంచుకుపోతున్నారు. ఆమె అటు చూడలేదు. "సదువు," అంది. చదివాను. "మల్ల," అంది. మళ్లీ చదివాను. అడ్డా మీద రద్దీ, బస్సుల హారన్లు, ఆమె చెవి దగ్గరగా పెట్టింది. గట్టిగా చదివాను. అడ్డా ఖాళీ అయ్యేదాకా చదివించుకుంది.

ఇందులో ఎవరి పేర్లూ లేవు. ఓనరుదీ లేదు, ఆ తెల్లాయనదీ లేదు, నాదీ లేదు. వాళ్లవి రాసినా రాయకపోయినా నాకు పట్టింపు లేదు. ఆ పిల్ల పేరైనా రాయకపోయావా అని మీరడగొచ్చు. అక్షరాలొచ్చు, రాయగలను. కానీ అచ్చయితే అది అందరిదీ అవుతుంది. ఆ మాట నేను ఒకసారి అన్నాను. ఇక అనను.